70 శాతం ఫెయిల్, 2048కి చేపలు ఖాళీ: ఈ లెక్కలకు వోచర్ ఉందా?

మా ఖాలా కొడుకు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పని చేస్తాడు. మొన్న వాళ్ల ఆఫీసులో పెద్ద మీటింగ్ పెట్టారు. పాత టీములు రద్దు, కొత్త సాఫ్ట్‌వేర్, కొత్త బాసులు. తెర మీద మొదటి స్లైడ్ ఇది: ప్రపంచంలో కంపెనీలు చేసే మార్పుల్లో 70 శాతం ఫెయిల్ అవుతాయి, దానికి ముఖ్య కారణం ఉద్యోగుల వ్యతిరేకత. భాయ్‌జాన్ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఒకటే మాట అన్నాడు: "పని ఇంకా మొదలే కాలేదు. ఫెయిలైతే తప్పు మాదేనని ఇప్పుడే రాసేసుకున్నారు."

అదే రాత్రి మా ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. 2048 నాటికి సముద్రంలో చేపలే ఉండవట. అమ్మీ చూసి, "అయితే ఇప్పుడు మనం చేపలు కొనడం కూడా తప్పేనా బేటా?" అని అడిగింది.

నేను బీకాం చదివాను. ఆడిటింగ్ క్లాసులో మాకు మొదట నేర్పింది ఏంటంటే, ఖాతాలో ఎంట్రీ కనిపిస్తే దాని వోచర్ అడగాలి. రాసినవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా సరే, వోచర్ లేని ఎంట్రీ వట్టి మాటే. ఈ రెండు అంకెల వోచర్లు ఎక్కడున్నాయో చూద్దామని కూర్చున్నాను. రెండిటి కథా తలా ఒక రకంగా తేలింది.

70 శాతం ఎవరు లెక్కపెట్టారు?

1993లో అమెరికాలో మైఖేల్ హ్యామర్, జేమ్స్ చాంపీ అనే ఇద్దరు కలిసి 'రీఇంజనీరింగ్ ది కార్పొరేషన్' అనే పుస్తకం రాశారు. కంపెనీలో పని జరిగే పద్ధతిని మొదటినుంచి కొత్తగా కట్టుకోవాలని అందులో చెప్పారు. అప్పట్లో అది విపరీతంగా అమ్ముడుపోయింది. అందులో ఒకచోట, ఇలా మార్పు మొదలుపెట్టిన సంస్థల్లో 50 నుంచి 70 శాతం దాకా తాము ఆశించినంత గొప్ప ఫలితం పొందలేదని రాశారు. అయితే ఆ మాటకు ముందే, ఇది శాస్త్రీయమైన లెక్క కాదు, మా అంచనా మాత్రమే అని కూడా స్పష్టంగా రాశారు.

ఆ ఒక్క మాట దారిలో పడిపోయింది. 50 నుంచి 70 అన్నది కాస్తా 70 అయింది. ఆశించినంత ఫలితం రాలేదన్నది ఫెయిల్ అయింది. రీఇంజనీరింగ్ అనే ఒక పద్ధతి గురించి అన్నమాట అన్ని రకాల మార్పులకూ అంటుకుంది. 1995లో హ్యామర్ తానే మరో పుస్తకంలో, మా మాటను వక్రీకరించారు, ఇలాంటి మార్పులకు పుట్టుకతో వచ్చే ఫెయిల్యూర్ రేటు అంటూ ఏదీ లేదు అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఎవరు వింటారు? 2000లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో మైకేల్ బీర్, నితిన్ నోహ్రియా తమ వ్యాసాన్ని ఈ 70 శాతంతోనే మొదలుపెట్టారు. 2008లో జాన్ కాటర్ కూడా దాదాపు ఇదే అంకె చెప్పారు. ఎంబీఏ పుస్తకాల్లో, కన్సల్టెంట్ల స్లైడ్లలో అది స్థిరపడిపోయింది.

2011లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్ యూనివర్సిటీకి చెందిన మార్క్ హ్యూస్ ఈ అంకె వెనక్కి నడుచుకుంటూ వెళ్లారు. 70 శాతం అని చెప్పిన ఐదు ప్రచురణలను తీసి, ప్రతిదాని వెనక ఉన్న ఆధారం ఏమిటో చూశారు. ఆ ఐదింటిలో ఒక్కదాంట్లో కూడా నమ్మదగిన పరిశోధన ఆధారం ఆయనకు కనబడలేదు. ఒకరు తమ అనుభవం అన్నారు, ఇంకొకరు ముందువాళ్ల మాట చెప్పారు. పెళ్లిలో ఫలానావాళ్లు చెప్పారట అని తిరిగే కబురు లాగే ఉంది వ్యవహారం.

2008లో మెకిన్సీ సంస్థ సర్వే ఉంది కదా అంటారు కొందరు. ఉంది. ప్రపంచవ్యాప్తంగా 3,199 మంది ఎగ్జిక్యూటివ్‌లను అడిగితే మూడోవంతు మంది మాత్రమే తమ సంస్థలో మార్పు సఫలమైందన్నారు. కానీ ఇది అభిప్రాయ సేకరణ. అడిగింది పైస్థాయి వాళ్లను. మార్పుకు ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని ఎవరూ కొలవలేదు. పైగా మనం సఫలం అన్న మాటకు గీత ఎక్కడ గీస్తే శాతం అక్కడికి జరుగుతుంది. పదికి పది వస్తేనే పాస్ అంటే ఏ క్లాసులోనైనా ఎక్కువమంది ఫెయిలే.

పైజామా ఫ్యాక్టరీలో ఏం జరిగింది?

అలాగని ఈ రంగంలో గట్టి ప్రయోగాలే లేవని కాదు. ఒక పాత ప్రయోగం మన స్లైడ్‌కు నేరుగా జవాబు చెబుతుంది. 1948లో లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే పరిశోధకులు అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, మారియన్ అనే ఊళ్లోని హార్వుడ్ పైజామా ఫ్యాక్టరీ గురించి రాశారు. అక్కడ పనివాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. పీస్‌కు ఇంత అని కూలి. పని పద్ధతి మార్చినప్పుడల్లా ఉత్పత్తి పడిపోయేది, గొడవలు వచ్చేవి, చాలామంది మానేసేవాళ్లు. కొత్త పని నేర్చుకోవడం చేతకాక అలా జరుగుతోందా, లేక ఇంకేమైనా కారణం ఉందా అన్నది ప్రశ్న.

పనివాళ్లను గ్రూపులుగా తీసుకున్నారు. ఒక గ్రూపుకు మామూలుగానే, రేపటినుంచి పని ఇలా చేయాలి, రేటు ఇది అని చెప్పేశారు. ఇంకో గ్రూపు తరఫున కొందరు ప్రతినిధులు కొత్త పద్ధతి తయారీలో కూర్చున్నారు. మిగిలిన రెండు చిన్న గ్రూపుల్లో మాత్రం అందరూ కూర్చుని, పని ఎలా మార్చాలో తామే కలిసి తేల్చారు. ఫలితం చూడండి. చెప్పేసిన గ్రూపులో ఉత్పత్తి పడి, మళ్లీ లేవలేదు. మొదటి నలభై రోజుల్లోనే 17 శాతం మంది మానేశారు. అందరూ కూర్చున్న గ్రూపులు త్వరగా కోలుకుని, పాత స్థాయి కన్నా సుమారు 14 శాతం పైకి వెళ్లాయి. అక్కడ ఎవరూ మానలేదు.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి భాగం. మొదటి గ్రూపులో మిగిలిన 13 మందిని కొన్ని నెలల తర్వాత మళ్లీ వేరే పనికి మార్చారు. ఈసారి వాళ్లనూ కూర్చోబెట్టి, వాళ్లతోనే ప్లాన్ చేయించారు. అదే మనుషులు ఈసారి వెంటనే పుంజుకున్నారు. అంటే మొదటిసారి తేడా వాళ్ల స్వభావంలో లేదు, వాళ్లతో వ్యవహరించిన తీరులో ఉంది. ఉద్యోగుల వ్యతిరేకత అని స్లైడ్ మీద రాసేవాళ్లు ఈ భాగం ఒకసారి చదివితే బాగుండు.

కానీ ఇక్కడా వోచర్ పూర్తిగా చూడాలి. ఆ గ్రూపుల్లో ఒక్కోదాంట్లో ఉన్నది ఏడెనిమిది మంది నుంచి పద్దెనిమిది మంది. ఒక గ్రూపు ఇస్త్రీ చేసేవాళ్లు, ఒకటి మడతపెట్టేవాళ్లు, ఇంకొకటి తయారైన బట్టను పరీక్షించేవాళ్లు. పనులే వేరు. తర్వాత నార్వేలో ఒక చెప్పుల ఫ్యాక్టరీలో ఇలాంటి ప్రయోగమే చేస్తే, 1960లో వచ్చిన ఫలితాల్లో ఉత్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కలుపుకుపోతే మంచిదన్న మాట అబద్ధమని దీనర్థం కాదు. ఒక ఫ్యాక్టరీ ఫలితాన్ని పట్టుకుని ప్రతిచోటా ఇంతే అనకూడదని మాత్రం అర్థం.

2014లో ఎరిక్ బారెండ్స్, మరికొందరు కలిసి సంస్థల్లో మార్పు మీద ముప్పై ఏళ్లలో వచ్చిన 563 అధ్యయనాలను జల్లెడ పట్టారు. చాలావాటిలో పోల్చడానికి వేరే గ్రూపే లేదు, ముందు-తర్వాత కొలతలు లేవు. గట్టి పద్ధతిలో చేసిన అధ్యయనాల వాటా పెరగడం పోయి తగ్గుతోందని కూడా తేలింది. మందు విషయంలో ఇలా ఉంటే డాక్టర్లు ఒప్పుకోరు. అసలు ఆధారాలను బట్టే నిర్ణయం తీసుకోవాలన్న పద్ధతి వైద్యం నుంచే మేనేజ్‌మెంట్‌కు వచ్చింది. 1990లలో వైద్యంలో అది మొదలైతే, మేనేజ్‌మెంట్‌లో గట్టిగా వినబడింది 2005 తర్వాత, డెనీస్ రూసో లాంటివాళ్లు మాట్లాడాకనే.

ఇక అమ్మీ ప్రశ్న

2048కి మాత్రం వోచర్ ఉంది. చిన్నది కూడా కాదు. 2006 నవంబరులో 'సైన్స్' పత్రికలో కెనడాలోని డల్హౌసీ యూనివర్సిటీకి చెందిన బోరిస్ వార్మ్, మరో 13 మంది కలిసి ఒక పరిశోధన వ్యాసం రాశారు. అసలు విషయం సముద్రంలో జీవుల రకాలు తగ్గితే మనిషికి ఏం నష్టం అన్నది. అందులో ఒక భాగంలో, ప్రపంచమంతటా పట్టిన చేపల రికార్డులు తీసుకున్నారు. ఏ రకం చేపైనా దాని రికార్డు పట్టుబడిలో 10 శాతం కన్నా కిందికి పడిపోతే ఆ రకం కుప్పకూలినట్టు లెక్క. 2003 నాటికి 29 శాతం రకాలు అలా ఉన్నాయి. ఆ గీతను అదే వంపుతో ముందుకు పొడిగిస్తే 2048 దగ్గర నూటికి నూరు తాకింది.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఒకటి, కుప్పకూలడమంటే చేపలు అంతరించడం కాదు, పట్టుబడి పడిపోవడం. రెండోది, పట్టుబడి ఒక్కటే చూస్తే నీళ్లలో ఎన్ని చేపలున్నాయో తెలీదు. ఒక దుకాణం అమ్మకాలు తగ్గాయనుకోండి. సరుకు లేక తగ్గి ఉండొచ్చు, లేదా యజమానే వారానికి రెండు రోజులు షట్టర్ వేసి ఉండొచ్చు. బిల్లుబుక్కు చూసి గోదాములో ఏముందో చెప్పలేం. ప్రభుత్వం చేపలను కాపాడాలని వేటకు పరిమితి పెడితే పట్టుబడి తగ్గుతుంది. ఈ లెక్కలో అది కూడా కూలినట్టే కనబడుతుంది.

వాషింగ్టన్ యూనివర్సిటీలోని రే హిల్బోర్న్ సరిగ్గా ఈ మాటే గట్టిగా అడిగారు. మాటామాటా పెరిగింది. అయితే ఆ తర్వాత జరిగింది మామూలుగా జరిగేది కాదు. ఒక రేడియో చర్చలో ఇద్దరూ కలిశారు. పోట్లాడుకుంటూ కూర్చోవడం కన్నా ఒకే డేటా ముందు పెట్టుకుని లెక్క చూద్దామనుకున్నారు. రెండు పక్షాల మనుషులనూ కూర్చోబెట్టి, పట్టుబడి ఒక్కటే కాకుండా నీళ్లలో చేపల నిల్వ అంచనాలు, పరిశోధన ఓడల సర్వేలు అన్నీ పోగేశారు. 2009లో అదే 'సైన్స్' పత్రికలో వార్మ్, హిల్బోర్న్ పేర్లు పక్కపక్కనే ఉన్న వ్యాసం వచ్చింది.

అందులో తేలింది అటూ ఇటూ కాని నిజం. లోతుగా చూసిన పది సముద్ర ప్రాంతాల్లో ఐదింట చేపలను పట్టే వేగం తగ్గింది. అలాస్కా, న్యూజిలాండ్ ముందు వరుసలో ఉన్నాయి. కెన్యాలో ఊళ్లవాళ్లే కలిసి కొన్ని చోట్ల వేట ఆపి, హాని చేసే వలలు మానేస్తే ఫలితం వచ్చింది. ఇంకోవైపు, లెక్క ఉన్న చేపల నిల్వల్లో 63 శాతం ఇంకా ఉండాల్సిన స్థాయి కన్నా కిందే ఉన్నాయి. అంటే 2048 అనేది రాసిపెట్టి ఉన్న తేదీ కాదు. ఆ అంకె మొదట చెప్పినాయన పేరే ఈ రెండో వ్యాసం మీదా ఉంది. అయినా 2021లో వచ్చిన 'సీస్పిరసీ' అనే డాక్యుమెంటరీ పాత అంకెనే మళ్లీ బయటికి తీసింది. మా గ్రూపు వీడియో దాని పిల్లే అని నా అనుమానం.

ఇలా రాస్తే సముద్రం బాగుందని అనుకోవద్దు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కలో 1974లో సుమారు 10 శాతం చేపల నిల్వలు శక్తికి మించి పట్టబడేవి. 2021కి అది 37.7 శాతం. బాధపడాల్సిన అంకె ఇది. వీడియోలో ఇది ఎవరూ వేయరు, ఎందుకంటే దీనికి తేదీ లేదు.

సముద్రమూ ఆఫీసూ కలిసిన చోట

ఈ రెండు కథలూ ఒకేచోట కలిసిన ఉదాహరణ కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్. అక్కడ కాడ్ అనే చేప కొన్ని వందల ఏళ్లు ఊళ్లకు ఊళ్లనే పోషించింది. 1968లో పట్టుబడి సుమారు 8 లక్షల టన్నులు. తర్వాత పడిపోయింది. 1977లో కెనడా తీరం నుంచి 200 మైళ్ల దాకా తన పరిధిగా ప్రకటించి, విదేశీ ఓడలను బయటికి పంపింది. ఇక చేపలు మళ్లీ పెరుగుతాయన్నారు. ప్రభుత్వ శాఖ లెక్కలు కూడా పెరుగుతున్నాయనే చెప్పాయి.

1980ల మధ్యలో ఒడ్డుకు దగ్గర్లో చిన్న పడవలతో పట్టేవాళ్లు, చేప దొరకడం లేదు, దొరికినా చిన్నగా ఉంటోందని మొత్తుకున్నారు. శాఖ వినలేదు. శాఖ లెక్కలో పెద్ద ట్రాలర్లకు దొరుకుతున్న చేప బరువు ఎక్కువ. ట్రాలర్లకు బాగానే పడుతోంది కాబట్టి చేప బాగానే ఉందనుకున్నారు. అసలు సంగతి ఏంటంటే, కాడ్ తగ్గేకొద్దీ మిగిలినవి గుంపుగా ఒకచోట చేరాయి. ట్రాలర్ల దగ్గర గుంపును వెతికే యంత్రాలు ఏటేటా మెరుగయ్యాయి. అందుకే సముద్రం ఖాళీ అవుతున్నా వల నిండుతూనే ఉంది.

శాఖ సొంత పరిశోధన ఓడల సర్వే మాత్రం తక్కువ చూపించింది. రెండు లెక్కలూ కలిపి మధ్యస్థంగా అనుకున్నారు. చివరికి తప్పు తెలిసి, 1989కి లక్షా 25 వేల టన్నులకు మించి పట్టొద్దని శాస్త్రవేత్తలు సలహా ఇస్తే, మంత్రి 2 లక్షల 35 వేలకు అనుమతి ఇచ్చారు. ఫ్యాక్టరీలు మూతపడతాయి, ఓట్లు పోతాయి అన్న భయం. 1992 జూలై 2న వేట పూర్తిగా ఆపేశారు. సుమారు 30 వేల మందికి ఒక్కసారిగా పని పోయింది. రెండేళ్లకని పెట్టిన నిషేధం 2024 దాకా, 32 ఏళ్లు సాగింది. అప్పుడు కూడా మొదట అనుమతించింది 18 వేల టన్నులే.

1997లో జెఫ్రీ హచింగ్స్, కార్ల్ వాల్టర్స్, రిచర్డ్ హేడ్రిచ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దీనిమీద ఒక వ్యాసం రాశారు. శాఖ లోపల సందేహాలు లేకపోలేదు, కానీ అవి పైకి, బయటికి వచ్చే దారి మూసుకుపోయిందని వాళ్ల వాదన. శాఖ అందరి తరఫునా ఒకే మాట చెప్పాలన్న పట్టుదల శాస్త్రాన్ని మింగేసిందన్నారు. చిన్న పడవవాడి మాట వినే ఏర్పాటు ఆ ఆఫీసులో లేదు. మార్పును అడ్డుకుంది కింద పనిచేసేవాళ్లు కాదు, పైన కూర్చున్నవాళ్లు.

పరిశోధన కూడా తనను తాను సరిచూసుకోవాల్సి వస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సముద్రంలో కరిగి నీటి ఆమ్లత పెరుగుతోంది, అది నిజం. పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే సుమారు 30 శాతం పెరిగింది, గుల్లలకు పగడాలకు అది చేటే. అయితే దానివల్ల పగడపు దిబ్బల చేపల బుద్ధి తప్పుతుందని, శత్రువు వాసన వైపే ఈదుతాయని 2009 నుంచి కొన్ని ప్రయోగాలు చెప్పి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయి. ఇంకో బృందం మూడేళ్లపాటు ఆరు రకాలకు చెందిన 900కు పైగా చేపలతో అవే ప్రయోగాలు మళ్లీ చేసి 2020లో 'నేచర్' పత్రికలో రాసింది. అంత ప్రభావం కనబడలేదు. మొదటి ఫలితం సంచలనంగా వచ్చి, మళ్లీ మళ్లీ కొలిచేకొద్దీ చిన్నదైపోవడం సైన్స్‌లో కొత్తేం కాదు.

మరి మన దగ్గర? అమ్మీ కొనే బొచ్చె, రవ్వ, కొర్రమేను సముద్రపు చేపలే కావు. హైదరాబాద్ మార్కెట్‌కు వచ్చే బొచ్చె, రవ్వ ఎక్కువగా ఆంధ్రా చెరువుల్లో పెంచినవే. 2048 లెక్క వాటి గురించి కాదు. వంజరం, చందువా లాంటివైతే సముద్రానివి. కొచ్చిలో ముఖ్య కార్యాలయం ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2022లో దేశంలో 135 చేపల నిల్వలను పరిశీలించి, 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని చెప్పింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట ఆపుతారు. విశాఖ, కాకినాడ రేవుల్లో ఆ రెండు నెలలు ఇల్లు గడవడం ఎంత కష్టమో అక్కడివాళ్లను అడిగితే చెబుతారు. అక్కడ తప్పు లెక్క పడితే మొదట నష్టపోయేది వాళ్లే. అది ఎక్కువ చూపినా, తక్కువ చూపినా.

ఇదంతా భాయ్‌జాన్‌కు చెప్పాను. హ్యూస్ పేరు, పైజామా ఫ్యాక్టరీ సంగతి ఒక కాగితం మీద రాసుకున్నాడు. తర్వాతి మీటింగ్‌లో చెయ్యెత్తి రెండే ప్రశ్నలు అడిగాడట. ఆ 70 శాతం ఏ స్టడీలోది సార్? కొత్త పద్ధతి ఖరారు చేసేముందు మా టీమ్ నుంచి ఎవరైనా కూర్చోవచ్చా? మొదటిదానికి మెయిల్ చేస్తామన్నారు. రెండో ప్రశ్నకు మేనేజర్ కాసేపు ఆలోచించి, బుధవారం ఇద్దరిని పంపమన్నాడు.

మెయిల్ ఇంకా రాలేదు. బుధవారం మాత్రం భాయ్‌జాన్ వెళ్లాడు. అమ్మీ ఆ రోజు రవ్వ చేప వండింది.